సగం చెప్పిన మాస్టారు

మార్చి నెలలో గుంటూరు గాలి ముక్కులోకి ఊరికే రాదు, తలుపు తన్నుకుని వస్తుంది. ఈ ఉదయం ఫిజిక్స్ క్లాసు కిటికీలోంచి కొత్త మిరపకాయల ఘాటు అలా వచ్చేసరికి అరవైమంది విద్యార్థులూ ఒక్కసారే తుమ్మారు. గోడమీది ఆవర్తన పట్టికలోంచి రెండు మూలకాలు రాలిపడ్డాయని నా అనుమానం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకేనని పిల్లలకు చెప్పాను గానీ, గుర్తొచ్చింది దానియేలు మాస్టారు.

ఆయన మా డిపార్టుమెంటు హెడ్డు. వినుకొండ దగ్గర మిరప చేలల్లో కూలి చేసిన తల్లి చదివించిన మనిషి. నేను కొత్తగా చేరినప్పుడు ఏడాదిపాటు నా ఉద్యోగం తాత్కాలికమే. ఏడాది చివర ప్రిన్సిపాల్ గారు నా క్లాసు స్వయంగా విని, ఉంచాలో పంపాలో తేలుస్తారు. ఆయన మామూలుగా మాట్లాడితేనే చీమకుర్తి క్వారీలో రాయి పేలినట్టుండేది. కోప్పడితే కొత్తపట్నంలో పడవలు ఒడ్డుకు తిరిగొచ్చేవి.

ఆ రోజు పాఠం కేంద్రక సంలీనం. గారె ఆకారపు గది, అందులో కోట్ల డిగ్రీల ప్లాస్మా, అది గోడకు తగలకుండా పట్టి ఉంచే అయస్కాంతాలు. నేను సూర్యుణ్ణి స్వయంగా వెలిగించినంత ధీమాగా చెబుతున్నాను. ముందు బెంచీ అమ్మాయి లేచింది.

“సార్, ఆ వేడి చివరికి ఎక్కడికి పోతుందండీ?”

“అంచులనుంచి జారి, అడుగునున్న లోహపు పలకల మీద సన్నటి గీతలా పడుతుంది.”

“మరి పలకలు కరిగిపోవా?”

“ప్లాస్మా స్వచ్ఛంగా ఉంటే ఏమీ కాదు. చిన్న మలినం కూడా చేరనివ్వకూడదు. అంతే!”

“తప్పు!” అని వెనకనుంచి ప్రిన్సిపాల్ గారు పేలారు. “ఏం చదువయ్యా నీది?”

ఆ గదిలోని వేడంతా సన్నటి గీతగా మారి నా నెత్తినే పడింది. చెవులు కరిగి భుజాలమీద కారాయేమోనని తడుముకున్నాను.

అప్పుడు ఆయన పక్కన కూర్చున్న దానియేలు మాస్టారు నింపాదిగా లేచారు. “తప్పు నాదండి. నిన్న ఆ ముక్క ఇతనికి నేనే సగం చెప్పి ఆపేశా.” తర్వాత నా వైపు తిరిగారు. “ఏమయ్యా, ఎండుమిరపకాయలు బస్తాకెత్తే ముందు మీ ఊళ్లో ఏం చేస్తారు?”

“నీళ్లు చిలకరిస్తామండి. లేకపోతే విరిగిపోతాయి.”

“బిందెడు కుమ్మరిస్తే?”

“బూజు పడుతుంది.”

“మా అమ్మ ఇట్టా కొట్టేది,” అంటూ బల్లమీది గ్లాసులో వేళ్లు ముంచి ముందు బెంచీల మీద విదిలించారు. క్లాసు గొల్లుమంది. “ఇక్కడా అంతే. అంచున చిటికెడు నియానో నత్రజనో వదులుతారు. అది వేడిని తాను తీసుకుని, వెలిగి, వెలుతురుగా నాలుగు గోడలకూ పంచేస్తుంది. పలకలమీద పడేది తగ్గుతుంది. మోతాదు మించి నడిమికి చేరిందా, పొయ్యే ఆరిపోతుంది.”

ప్రిన్సిపాల్ గారి మీసం కదిలింది. “ఇంతకాలం మా అందరికీ కూడా సగమే చెబుతున్నావేంటయ్యా దానియేలూ?” అన్నారు. ఆయన కూడా నవ్వేశారు. నా ఉద్యోగం నిలిచింది.

బయటికొచ్చాక అడిగాను. “నిన్న మీరసలు కాలేజీకే రాలేదు కదండీ?”

“రాలేదు.”

“మరి అలా చెప్పారే?”

“వేడి ఎక్కడికీ పోదురా అబ్బాయ్. కొత్తోడివి, నీ ఒక్కడిమీద పడితే నిలబడలేవు. నేను పాత గోడని. పద, టీ తాగుదాం.”

టీతో అయిపోలేదు. ఆనాటినుంచి మీటింగుల్లో ప్రిన్సిపాల్ గారు ఆయన్ని ‘సగం మాస్టారు’ అనేవారు. స్టాఫంతా అందుకుంది, పిల్లలూ అందుకున్నారు. ఆ జిల్లాలో అంత నిండుగా పాఠం చెప్పే మనిషి లేడు. ఇది మాత్రం నేను పెంచి చెబుతున్నది కాదు. రిటైరైన రోజు దండ వేస్తూ కూడా అదే పేరుతో పిలిచారు. మాస్టారు నావైపు చూసి కన్ను గీటారు. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాను. తల అడ్డంగా ఊపారు. ఆయన పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

నిరుడు మా కొత్త లెక్చరరమ్మ, తనిఖీకి వచ్చిన పెద్దల ముందు ఒక సూత్రం తలకిందులుగా రాసింది. ఒకాయన కళ్లజోడు తీసి ఊపిరి పీల్చుకున్నారు. అది కోపానికి ముందు పీల్చే ఊపిరి, నాకు బాగా తెలుసు. వెనక బెంచీలోంచి నా మోకాళ్లు నన్నడక్కుండానే లేచాయి.

“తప్పు నాదండి,” అన్నాను. “నిన్న నేనే సగం చెప్పి ఆపేశా.”

ఇప్పుడు మా కాలేజీలో సగం మాస్టారంటే నేనే.