నల్ల సున్నా, తెల్ల సున్నా, మా రేసు కార్లు

మా చిన్నప్పుడు సముద్రం మధ్య దీవిలో, బతు బస్తీ పేటలో మా ఇంటి గోడకి ఒక తెలుగు క్యాలెండర్ వేలాడేది... విశాఖ నుంచి ఓడలో వచ్చిన క్యాలెండర్. అన్నయ్యకీ నాకూ అందులో ఒక్క ముక్క చదవడం రాదు, మాది హిందీ బడి. కానీ అమావాస్యకి నల్ల సున్నా, పౌర్ణమికి తెల్ల సున్నా ఉంటాయి కదా... మాకు అవి చాలు.

ఎందుకంటే ఆ రెండు తిథుల్లోనే సాయంత్రం నాలుగింటికి సముద్రం బాగా వెనక్కి పోతుంది. నాన్న దాన్ని 'పాటు' అనేవాడు. గట్టి తడి ఇసుక బయటపడేది. అదే మా రేసు ట్రాక్!

పక్కింటి టీవీలో కార్ల రేసు చూసినప్పటి నుంచీ అన్నయ్యకి పూనకం. దానికంటే మంచి రేసు మనమే పెడదామని నోటుబుక్కు నిండా రూల్స్ రాశాడు. చక్రాలు బాడీకి బయటే కనబడాలి. తెగిపోయిన హవాయి చెప్పుల నుంచే వాటిని కోయాలి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ డబ్బాయే బాడీ. కొన్నది ఏదీ పెట్టకూడదు. పొడుగు కర్రతో కారుని తోసుకుంటూ పరిగెత్తాలి...

అన్నయ్యది బతు బస్తీ టీమ్. పక్కింటి బిట్టూ ఇంకో పేట, మిడిల్ పాయింట్ పేరు కొట్టేశాడు. నాకు మా అత్త వాళ్ల పల్లెటూరు చౌల్దారీని అంటగట్టారు... పైగా "పొలాల టీమ్" అని వెక్కిరింపు ఒకటి!

వానాకాలం వదిలేసి ఏడాదికి ఎనిమిది రేసులు. ఏడు అయ్యేసరికి అన్నయ్యకీ నాకూ పాయింట్లు సమానం. నాకు కప్పు మీద ఆశ లేదు... నేను గెలుస్తుంటే నాన్న చూడాలి, అంతే. నాన్న చేపల వేటకి వెళ్లే మనిషి, ఒక్క రేసూ చూడలేదు. అందుకే పోట్లాడి మరీ, పౌర్ణమి నాటి ఫైనల్‌ని వారం తర్వాత వచ్చే ఆదివారానికి మార్పించాను. ఆదివారమైతే నాన్న ఇంట్లోనే వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు.

ఆ రోజు నాన్నని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. మాకంటే ముందు పరిగెత్తిన బిట్టూ, అన్నయ్యని చూసి కేకేశాడు... "భయ్యా, పానీ ఆ గయా!"

ట్రాక్ లేదు. గట్టు దాకా నీళ్లే... సముద్రం మీద బతికే ఇంటి పిల్లలం, సముద్రాన్నే మరిచిపోయి తేదీ పెట్టాం! నాకు ఏడుపు ఆగలేదు.

నాన్న నవ్వు ఆపుకుంటూ, "ఆదోరమని సముద్రం సెలవెడతాదేటమ్మా? అమాసకి ఎట్టుకోండి. నానొస్తాను" అన్నాడు.

అన్న మాట ప్రకారం నాన్న అమావాస్య రోజు వేటకి వెళ్లలేదు. అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా! వల నిండే అమాసనాడు ఇంటికాడ కూకున్న మడిసిని ఇప్పుడే సూస్తన్నాను!"

ఆ సాయంత్రం రెండో మలుపులో నా కారు చక్రం ఊడి నీళ్లలోకి దొర్లిపోయింది... అన్నయ్య గెలిచాడు. నేను తల ఎత్తలేదు. నాన్న నీళ్లలోకి దిగి ఆ చక్రం వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బాగా పరిగెట్టినావమ్మా" అన్నాడు.

అమ్మ మాట అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. ఇప్పుడు ఆఫీసులో ఒక పూట సెలవు అడగాలంటే నాలుగుసార్లు ఆలోచిస్తాను కదా... ఇప్పుడు తెలుస్తోంది. మంచి వేట రోజుని నాన్న నేను ఓడిపోయిన రేసు కోసం వదులుకున్నాడు.

ఆ ఒడ్డున ఇప్పుడు సిమెంటు గోడ కట్టారు... పాటు తీసినా మా ట్రాక్ బయటపడదు. మా పాప ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు రేసు ఆడుతుంది, దానికి సముద్రంతో పనేముంది? నేను మాత్రం కొత్త క్యాలెండర్ రాగానే ముందు నల్ల సున్నాలే వెతుక్కుంటాను.

మీ ఆట చూడడానికి పని మానుకుని వచ్చినవాళ్లు ఎవరో కింద రాయండి... తీరిగ్గా చదువుతాను. రేపు మా పాపకి స్కూల్లో పరుగుపందెం. సెలవు చీటీ ఇప్పుడే రాసేశాను.