నూటికి నూరొచ్చి గుమ్మం బయట కూర్చున్నాను

ఇంగ్లీషు మాట్లాడటం రాని పెద్దవాళ్ళకు నేర్పడానికే పెట్టిన క్లాసులో నాకు చోటివ్వలేదు. కారణం, నాకు ఇంగ్లీషు బాగా వచ్చునట. ఇన్నేళ్ళు గడిచినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు స్వీడన్ నుంచి ఫోన్ చెయ్యకపోతే మళ్ళీ తలుచుకునేవాణ్ణి కానేమో. అమెరికాలో, ఫ్రిస్కోలో ఏళ్ళ తరబడి ఉండి, వీసా సంగతి ఎంతకీ తేలక, భర్త కంపెనీవాళ్ళు అక్కడికి పంపిస్తామంటే సరేనని మూటాముల్లె సర్దుకుని పోయిన పిల్ల. ఊరంతా స్వీడిష్ మాట్లాడుతుంది, ఈ పిల్లకేమో పాలప్యాకెట్ మీద రాసింది తప్ప ఇంకేమీ అర్థం కాదు. అయినా అక్కడ కొత్తవాళ్ళకు చదువుకునే దారులు చాలానే ఉన్నాయట. మునిసిపాలిటీవాళ్ళు ఫీజు లేకుండా పొద్దున ఒక క్లాసు, ఉద్యోగస్తుల కోసం సాయంత్రం ఒక క్లాసు నడుపుతారట. పరీక్షల బెడద లేకుండా పెద్దవాళ్ళు చేరి చదువుకునే బళ్ళు వేరే ఉన్నాయట. లైబ్రరీలో కూర్చుని కాఫీ తాగుతూ ఊరివాళ్ళతో కబుర్లాడే కూటం ఇంకొకటట. అంతా విని, ఆహా, ఎంత మర్యాదగల ఊరు అనుకుంటూ ఉండగా అసలు మాట చెప్పింది.

"ఏ క్లాసులో వెయ్యాలో చూడ్డానికి గురువారం టెస్ట్ పెడతారట మామయ్యా. మోడల్ పేపర్లన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నా. గట్టిగా కొడితే డైరెక్ట్‌గా పై క్లాసే."

"ఆగవే తల్లీ, ముందా పేపర్లు పక్కన పడెయ్యి" అన్నాను. ఎందుకని అడిగింది. అప్పుడు ఫోన్లో ఆ పిల్లకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత నా చదువంతా తెనాలిలో అచ్చాఫీసులో, సీసపు అక్షరాల గళ్ళ ముందు నిలబడి సాగింది. పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, వాటికంటే ఎక్కువగా పిల్లల ఇంగ్లీషు గైడ్లు. ఖాళీలు పూరింపుము, తప్పులు సరిదిద్దుము అనేవాటిని ప్రశ్నలూ జవాబులూ కలిపి ఒక్కొక్క అక్షరమే ఏరి, తిరగేసి పేర్చి, ప్రూఫు దిద్ది, తప్పు పడితే యజమానిచేత తిట్లు తిని నేర్చుకున్న ఇంగ్లీషు నాది. వేళ్ళకు వచ్చిన భాష. చెవికీ నోటికీ దానితో పరిచయమే లేదు, ఎందుకంటే ఆ అచ్చాఫీసులో ఇంగ్లీషు ముక్క పైకి పలికిన మనిషిని నేను చూడలేదు.

కంప్యూటర్లొచ్చి ఆ గళ్ళన్నీ తూకానికి పోయాక, అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊళ్ళో స్థిరపడ్డ మా అమ్మాయి కాగితాలు పెట్టి మమ్మల్నిద్దర్నీ తెచ్చుకుంది. కారు నడపలేనివాడికి ఆ ఊళ్ళో కాళ్ళు లేనట్టే. అమ్మాయీ అల్లుడూ ఆఫీస్‌కి పోతే నేనూ మా ఆవిడా కిటికీలోంచి ఎదురింటి గడ్డి చూస్తూ కూర్చునేవాళ్ళం. ఊరికే కూర్చుని తినడం నాకు అలవాటు లేని పని. అలాంటప్పుడు, ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉన్న షాపుల వరసలో, ఒక అచ్చుపని షాపు కనపడింది. అద్దాల వెనక అలంకారానికి పెట్టిన, కాలితో తొక్కి అచ్చువేసే పాత ట్రెడిల్ మిషను చూసి లోపలికెళ్ళి, దాని చక్రం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. షాపాయన నా వయసువాడే. నా మొహం చూశాడు, మిషను చూశాడు, ఇంకేమీ అడక్కుండా కుర్చీ వేశాడు.

పని ఇవ్వడానికి ఆయనకు మనసుంది. ఇవ్వాల్సిందేమో కౌంటర్ దగ్గరి పని. పరీక్షించడానికి ఒక పూట నిలబెట్టాడు. ఒకామె కార్డుల కోసం వచ్చి ఏదో అడిగింది, నేను యెస్ అన్నాను. ఆమె మళ్ళీ అడిగింది, ఇంకా మర్యాదగా యెస్ అన్నాను. నీలం రంగా, మీగడ రంగా అని అడుగుతోందట పాపం. షాపాయన పగలబడి నవ్వి, తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి, క్రిస్మస్ కార్డుల పని మొదలయ్యేలోపు జనం మాట అందుకోవడం నేర్చుకుని వస్తే కౌంటర్ నీదే అన్నాడు. ఆ పని ఇంకొకరికి ఇవ్వకుండా అంతవరకే ఆపగలనని కూడా అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే, కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళకు సాయంత్రాలు ఇంగ్లీషు నేర్పే చోటు మా అమ్మాయి వెతికిపెట్టింది. చేరేముందు టెస్ట్ ఉంటుందన్నారు. ఇక చూడండి. పరీక్ష అన్న మాట చెవిన పడితే చాలు, అది ఎందుకు పెడుతున్నారని అడిగే అలవాటు మనవాళ్ళకు లేదు. జ్వరం చూసే థర్మామీటరులో కూడా ఎక్కువ అంకె తెచ్చుకుందామని చూసే మనుషులం. మా అల్లుడు మోడల్ పేపర్లు ప్రింట్ తీశాడు. నేను తెల్లారగట్ల లేచి చదివాను. తీరా అక్కడ ఇచ్చిన కాగితం తిప్పి చూస్తే ఖాళీలు పూరింపుము, తప్పులు సరిదిద్దుము. నా చేత్తో ఎన్నిసార్లు పేర్చానో అలాంటివి. నూటికి నూరు వచ్చాయి. మా అమ్మాయి కేసరి చేసి పక్కింటి తెలుగువాళ్ళకు పంచింది. మర్నాడు కబురొచ్చింది, ఇంత ఇంగ్లీషు వచ్చినవారికి మా క్లాసు అవసరం లేదు అని.

నాకు కోపం వస్తే కలం పట్టడం అలవాటు. జాబు రాశాను, ఒక్క కామా కూడా తప్పు పోకుండా. ఎంతో చక్కగా రాశారు, మీ స్థాయికి మా క్లాసు చాలదు అని జవాబు. ఇంకా మండిపడి ఇంకా చక్కగా రాశాను. ఇంకా మెచ్చుకుని ఇంకా గట్టిగా వద్దన్నారు. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, "ఏమండీ, మీరు మాట్లాడినట్టే రాయండి, పరిగెత్తుకొచ్చి చేర్చుకుంటారు" అంది. హాస్యమాడినా ఉపాయం మంచిదే. కానీ అచ్చాఫీసులో పెరిగిన చెయ్యి, తెలిసి తెలిసి కాగితం మీద తప్పు పెట్టనంది. నిజంగా కూర్చుని ప్రయత్నించాను. చెయ్యి కదల్లేదు.

ఈలోగా చెట్ల ఆకులు ఎర్రబడ్డాయి, షాపులో కార్డుల నమూనాలు కిటికీకెక్కాయి. ఒక మధ్యాహ్నం ఇంట్లో చెప్పకుండా, నడిచే బాటైనా లేని రోడ్డు పక్కన, కార్ల గాలికి పంచె కాకపోయినా, ప్యాంటు కూడా రెపరెపలాడుతుంటే, ఆ చదువుల చోటికి నడిచి వెళ్ళాను. తలుపు మూసి ఉంది, ఇంకా వేళ కాలేదు. బయట బల్ల మీద కూర్చుని చెప్పాల్సిన మాటలు నెమరేసుకున్నాను. తలుపు తీసి లోపలికి పిలిచేసరికి అవన్నీ ఎటో పోయాయి. కౌంటర్ వెనక అమ్మాయి నా గొణుగుడు కాసేపు విని, ఏమీ అర్థం కాక, పాపం మంచిగానే నవ్వుతూ, రాసివ్వమని కాగితమూ పెన్నూ నా వైపు జరిపింది.

ఆ పెన్ను చూస్తే చెయ్యి లాగింది. పట్టుకున్నానంటే మళ్ళీ చక్కటి ఇంగ్లీషు రాస్తాను, మళ్ళీ చక్కగా వద్దంటారు. పెన్ను ఆమె వైపే తోసేశాను. తోసేసి మాట్లాడాను. షాపు, మిషను, నీలం కార్డు, మీగడ కార్డు, చేతికి వచ్చు, చెవికి రాదు, నా ఉత్తరాలు, మీ వద్దు, క్రిస్మస్, ఇంటి కిటికీ. క్రియలు లేవు, వరస లేదు, గొంతు మాత్రం పెద్దది. అటుగా వెళుతున్న ఒక ముసలి టీచరమ్మ ఆగి, భుజం మీది సంచీ కింద పెట్టి, నా మాటలు అయిపోయేదాకా తనుగా ఒక్క మాటా అందివ్వకుండా, తొందరపెట్టకుండా నిలబడింది.

క్రిస్మస్ పని నేనే చేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. ఇప్పుడా షాపూ లేదు, షాపాయనా లేడు. ఈమధ్య ఎక్కడికెళ్ళినా తెర మీద వేలు పెట్టమంటున్నారు; ఒక భాషలో గొణిగితే ఫోనే ఇంకో భాషలో చదివి పెడుతోంది. సుఖమే, కాదనను. కానీ తడబడే మనిషి ఎదుట సంచీ కింద పెట్టి, ఆఖరిమాటదాకా వినే ఓపిక మాత్రం ఏ షాపులోనూ నాకు కనపడటం లేదు. ఆ స్వీడన్ ఊళ్ళోనైనా లైబ్రరీలో కాఫీ తాగేవాళ్ళలో ఒకరికి ఉంటే చాలు, మా పిల్ల గట్టెక్కుతుంది.

అంతా విని మా మేనకోడలు, "ఇంతకీ ఆవిడేమంది మామయ్యా?" అని అడిగింది. నాకు అర్థమయ్యేంత నెమ్మదిగా ఆ టీచరమ్మ అన్న మాట ఇదీ:

"మీ ఉత్తరాలు చదివినవాళ్ళు మీకు క్లాసు అక్కర్లేదన్నారు. మీ మాట విన్నది నేను. సోమవారం సాయంత్రం రండి, పెన్ను మాత్రం ఇంటి దగ్గర వదిలేసి రండి."