కేలండరులో శిలువ గుర్తులు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక పోటు పొడిచే పార్శ్వపు నొప్పి పట్టుకున్నాక ఆ కాస్తా పోయింది. ఎవరో ఏదో చేస్తేనే ఇది వస్తోందని తీర్మానించుకున్నాను. స్టాఫ్ రూంలో పక్క టీచరు పెట్టుకొచ్చే మల్లెపూలను అనుమానించాను. జగ్గయ్యపేట గాలిలో సిమెంటు దుమ్మును అనుమానించాను. నకిలీ బిళ్ళలు అంటగడుతున్నారని మూడు మందుల షాపులు మార్చాను. అందరికంటే ఎక్కువగా అనుమానించింది మా అత్తగారిని.

ఆవిడ ఒకప్పుడు మండుటెండలో మిరపకాయలు కోసిన మనిషి. నేను కిటికీలు మూసుకుని పడుకుంటే తలుపు సందులోంచి తొంగిచూసి వెళ్లిపోయేది, ఒక్క మాట అడిగేది కాదు. వెళ్లి వంటింటి కేలండరులో ఆ తేదీ పక్కన చిన్న శిలువ గీసేది. అది నా మీద సాక్ష్యమని నాకు అర్థమైపోయింది. ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి కొడుకు రాగానే, ‘నీ పెళ్లాం ఎన్నాళ్లు మంచమెక్కిందో చూడరా’ అని చూపించడానికన్నమాట. అడిగితే జాగ్రత్తపడుతుందని అడగలేదు. ఎందుకైనా మంచిదని ఆ పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నాను.

నా నొప్పి పోవాలని ప్రతి శుక్రవారం అత్తాకోడళ్లం ఉపవాస ప్రార్థన చెయ్యాలని పెట్టింది కూడా ఆవిడే. మొదట మధ్యాహ్నం దాకా ఉండేవాళ్లం. నొప్పి తగ్గకపోగా శుక్రవారాలే ఎక్కువ రాసాగింది.

“ప్రార్థన రోజే వస్తందంటే సాతాను అడ్డం పడతన్నాడమ్మాయ్. మనం ఇంకా గట్టిగా ఉండాల,” అని సాయంత్రం దాకా పొడిగించింది.

నిజమే కాబోలనుకున్నాను. ఊరందరినీ అనుమానించిన దాన్ని, ఆ ఒక్కచోట మాత్రం తలూపాను. అయితే నేను బడికి వెళ్లాక ఆవిడ తినేస్తుందని నా అనుమానం. ఉపవాసం రోజు కూడా మా ఆయన కోసం పొద్దున్నే అన్నం వండేవాళ్లం. సాయంత్రం వచ్చి గిన్నె మూత తీసి చూసేదాన్ని. పైన కదిలినట్టు కనిపించకపోతే, అడుగునుంచి తీసుకుని పైన సర్దిందేమోనని గరిటెతో కెలికి చూసేదాన్ని. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

వరసగా రెండు శుక్రవారాలు పాఠం మధ్యలో వాంతులై ఇంటికొచ్చేశాను. హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది.

“ఇంకోసారి ఇట్లా అయితే వేరేవాళ్లను చూసుకోవాల్సొస్తదండి. ఏమనుకోవద్దు,” అంది.

మాది ప్రైవేటు బడి. వేరేవాళ్లను చూసుకోవడమంటే నా ఉద్యోగం ఊడటమే. తొమ్మిదేళ్లు గొంతు చించుకున్న ఉద్యోగం. భయమేసింది.

ఆ వారమే నందిగామలో డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్లాను. అత్తగారు తోడొచ్చింది. నొప్పి ఎప్పుడొచ్చిందో, ఏం తిన్నానో, ఎన్ని బిళ్ళలు వేసుకున్నానో రోజూ పుస్తకంలో రాయమని ఆయన మొదటిసారే చెప్పాడు. నేను రాయలేదు. నెల రోజులదీ బస్సులో కూర్చుని రాసేశాను. ఆయన రెండు పేజీలు తిప్పి కళ్లజోడు మీంచి చూశాడు.

“అంతా ఒకే పెన్ను, ఒకే ఊపు. బస్సులో రాశారామ్మా?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఇక దిక్కులేక ఫోను తీసి కేలండరు ఫొటోలు చూపించాను. అత్తగారు పక్కనే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తన గీతలు నా ఫోనులోకి ఎట్లా వచ్చాయని ఆవిడ అడగలేదు.

“అయి నేను గీసినయ్యండి,” అంది డాక్టరుతో. “దేవుడు బాగుచేసినాక చర్చిలో సాక్ష్యం చెప్పాలిగా. ఎన్నాళ్లు బాధపడిందో లెక్క తెలియాలని.”

నేను నేల చూశాను. డాక్టరు ఫొటోల్నే చూస్తున్నాడు.

“దాదాపు అన్నీ శుక్రవారాలే. ఆ రోజు ఏం చేస్తారు?”

చెప్పాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. వేళకు తిండి పడకపోతే ఈ నొప్పి లేస్తుందని, నొప్పి బిళ్ళలు అదేపనిగా మింగితే అవే నొప్పి తెస్తాయని, నొప్పి మొదలవగానే ఒక్కటి వేసుకోవాలని, అదీ వారానికి రెండు రోజులు దాటకూడదని చెప్పాడు. నొప్పి రాకుండా రోజూ వేసుకోవడానికి వేరే బిళ్ళ రాశాడు. నేను ఆయన నుదుటి కుంకుమ బొట్టు చూశాను. మా ఉపవాసాలంటే గిట్టక అంటున్నాడా అని లోపల పురుగు తొలిచింది. ఆయనకు తెలిసిపోయినట్టుంది.

“ప్రార్థన మానమనట్లేదమ్మా. అన్నం మానొద్దంటున్నా,” అన్నాడు.

కింద మందుల షాపతను చీటీ చూసి, “ఇది బీపీకి వాడే బిళ్ళండి,” అన్నాడు. ఇంకేముంది, మళ్లీ మెట్లెక్కి అడిగొచ్చాను. తక్కువ మోతాదులో ఈ నొప్పికీ ఇస్తారట.

తిరుగు బస్సులో అత్తగారు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. మా ఊరు దగ్గరపడ్డాక, “నీకు నొప్పి తెచ్చింది నేనేనన్నమాట,” అంది.

శుక్రవారం పొద్దున నా సంచిలో టిఫిన్ డబ్బా, అన్నం డబ్బా రెండూ పెట్టింది. “నువ్వు తిను. ఉపవాసం నేనుంటా,” అంది.

విరామంలో తిన్నాను, మధ్యాహ్నం తిన్నాను. చివరి పీరియడ్ దాకా నొప్పి కోసం కాచుక్కూర్చున్నాను. రాలేదు. ఇంటికెళ్లేసరికి ఆవిడ కేలండరు ముందు పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.

“వచ్చిందా?”

“రాలేదత్తయ్యా.”

“నా కోసం అబద్ధమాడబాక.” ఈసారి అనుమానం ఆవిడది.

“నిజంగా రాలేదు.”

నా మొహం కేసి కాసేపు చూసి, పెన్ను మూత పెట్టింది. పీట మీద కూర్చుంటూ, “అయితే నాకింత అన్నం పెట్టు,” అంది.

గిన్నె మూత తీశాను. పొద్దున మా ఆయనకూ, నా డబ్బాకూ తీసిన గరిటె గుర్తు అట్లాగే ఉంది. ఈసారి అడుగు కెలికి చూడలేదు.