తీగల మావయ్య వదులుగా కట్టింది ఎవరి రాకెట్?

ఊరంతా చెప్పుకునేది నమ్మకండి. దేశాల జట్ల టెన్నిస్ పోటీల్లో మనవాళ్లు ఫైనల్‌కి వెళ్లింది తీగల మావయ్య అవతలి జట్టు రాకెట్ల తీగలు వదులు చేయడం వల్లంటారే, అందులో సగమే నిజం. వదులుగా కట్టాడు, కాదనను. ఎవరివి కట్టాడన్నదే అసలు సంగతి.

మావయ్య మొదట్లో కుర్చీలకి కేన్ అల్లేవాడు. ఒకనాడు ఎవరో తెగిన రాకెట్ ఒళ్లో పడేసి, "కుర్చీ అల్లేవాడివి, ఇది అల్లలేవా?" అన్నారు. అంతే, ముప్పై ఏళ్లుగా స్టేడియం మెట్ల కింద గదిలో అదే పని. గదిలో ఒక బల్ల, దాని మీద తీగలు లాగే మిషను, గోడకి కుడివైపు మనవాళ్ల కొక్కేలు, ఎడమవైపు వచ్చినవాళ్ల కొక్కేలు. పోటీ మన ఊళ్లో పడితే రెండు జట్ల రాకెట్లూ ఆయనే కట్టాలి. ఆయనకో పట్టుదల: ముందు వచ్చినవాళ్లవి, తర్వాతే మనవి.

"ఇంటికొచ్చినవాళ్లు తిన్నాక కదా మనం తినేది," అంటాడు.

"ఆ మాట ఇంట్లో కంచం ముందు గుర్తుండదేం?" అంటుంది వాళ్లావిడ.

ఆ ఏడు మొదటి పోటీ పరాయి దేశంలో గెలిచొచ్చాం. రెండోది ఇక్కడ. గెలిస్తే ఫైనల్. రెండు రోజుల ఆటలో చెరి రెండు గెలిచి, చివరి ఆట మన జట్టులోని పొడుగోడి మీద పడింది. పొద్దున మావయ్య దగ్గర మూడు రాకెట్లు ఉన్నాయి. వాళ్లవి రెండు, పొడుగోడిది ఒకటి. వాళ్లకి నలభై ఎనిమిది పౌండ్ల బిగువు కావాలి. పొడుగోడికి యాభై ఐదు. తీగ వదులైతే బంతి దూరం పోతుంది, బిగువైతే చెప్పిన చోట పడుతుంది. ఎవరి అలవాటు వాళ్లది.

వాళ్లవి రెండూ కట్టేశాడు. ఇంతలో వాళ్లావిడ ఫ్లాస్కుతో టీ తెచ్చింది. టీతోపాటు పక్కింటావిడ కోడలి కబుర్లూ తెచ్చింది. అవన్నీ విని, నవ్వి, గ్లాసు కడిగి మావయ్య మూడోది కట్టి పంపించేశాడు.

ఆట మొదలయ్యాక మిషను తుడుద్దామని చూస్తే బిగువు చూపే ముల్లు నలభై ఎనిమిది మీదే ఉంది. మార్చలేదు! పరుగున కోర్టు గేటు దగ్గరికెళ్లాడు.

"లోపలికి పంపవయ్యా! తీగలు వదులుగా కట్టేశాను!"

"ఆట నడుస్తుంటే దేవుడొచ్చినా పంపను," అన్నాడు గేటాయన. ఎవరివని మాత్రం అడగలేదు.

లోపల పొడుగోడి భుజం అప్పటికే పట్టేసింది. కొట్టిన బంతల్లా నెట్‌లోకే. ఒక రాకెట్ తెగింది, రెండోదీ తెగింది. మూడోది, పొద్దున మావయ్య కట్టి పంపింది, తీశాడు. మావయ్య గేటు కమ్మీలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చప్పట్లు వినపడి తెరిచి చూస్తే, బంతి పోయి పోయి అవతలి గీత మీద పడుతోంది! మళ్లీ కొట్టాడు, మళ్లీ అక్కడే. అలా గెలిచేశాడు.

మనం గెలిచాం, మావయ్య తీగలు వదులు చేశాడు. ఈ రెండూ కలిపితే గేటాయనకి కథ తయారు. తెల్లారేసరికి ఊరంతా పాకింది. కూరగాయలావిడ కన్ను గీటింది. మంగలాయన గడ్డం గీస్తూ, "భలే దెబ్బ కొట్టావు మావయ్యా!" అన్నాడు. ఎవరైనా తిట్టినా బాగుండేది. ఈ మెచ్చుకోళ్లే ఆయనకి ముళ్లలా గుచ్చుకున్నాయి.

ఇంటికొచ్చి కూలబడ్డాడు. "వాళ్లవి కాదు, మనవాడిదే తప్పు కట్టానంటే ఫైనల్‌కి నన్నెవడు తీసుకెళ్తాడే? చెప్పకపోతే దొంగనవుతా."

"ముప్పై ఏళ్లుగా ముందు వచ్చినవాళ్లే అంటావుగా," అంది ఆవిడ, చొక్కా చేతికిస్తూ. "వాళ్లు పదకొండింటికి వెళ్లిపోతారట. లే."

హోటల్లో రెండు జట్లూ టిఫిను దగ్గరే ఉన్నాయి. మావయ్య చేతులు కట్టుకుని నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. టీతో సహా, పక్కింటి కోడలితో సహా. అవతలి కోచ్‌కి వాళ్ల భాష తెలిసిన అమ్మాయి చెప్పింది. ఆయన జేబులోంచి తీగల బిగువు కొలిచే చిన్న మీటరు తీసి చూపించాడు. ఆటకి ముందు అన్నీ తనే కొలుచుకున్నాడట, వాళ్లవి సరిగ్గా నలభై ఎనిమిదే. లేచొచ్చి మావయ్య చెయ్యి ఊపి ఊపి వదిలాడు.

ఇక మిగిలింది పొడుగోడు. చెంచా కింద పెట్టి తేరిపార చూశాడు.

"అది నలభై ఎనిమిదా మావయ్యా?"

"అవును నాయనా. తప్పయిపోయింది."

"నేనింకా నా భుజం బాగుపడిందనుకుని రాత్రి మందు కూడా రాసుకోలేదు!"

గదంతా గొల్లున నవ్వింది. నవ్వు తగ్గాక వాడన్నాడు, "ఇకనుంచి నాకు నలభై ఎనిమిదే. ఫైనల్లో కట్టేది కూడా నువ్వే. వేరేవాడైతే గుర్తుపెట్టుకుని మరీ ముల్లు యాభై ఐదుకి మారుస్తాడు."

అలా మావయ్య మొదటిసారి విమానం ఎక్కాడు. ఫైనల్లో మూడు-రెండు తేడాతో ఓడిపోయాం, అది వేరే సంగతి. పొడుగోడివి తనే కట్టి, మిగతా మనవాళ్ల రాకెట్లు అక్కడి తీగలాయన ముందు కట్టాడా లేదా అని మావయ్య గుమ్మంలో నిలబడి మరీ చూసొచ్చాడు. "ముందే కట్టాడు," అని ఇప్పటికీ మురిసిపోతాడు.

ఊళ్లో ఆ పాత మాట మాత్రం చావలేదు. అందుకే అడుగుతున్నా, స్టేడియం వైపు వెళ్తే మెట్ల కింద గదిలోకి ఒకసారి తొంగిచూడండి. మిషను మీద వాళ్లావిడ సుద్దతో "టీ తాగాక ముల్లు చూడు" అని రాసిందో లేదో మీరే చూడండి. ఎవరి రాకెట్ వదులైందో ఆయన్నే అడగండి. ఈమధ్య మెడ నొప్పంటున్నాడు, అదెలా ఉందో కూడా కనుక్కోండి.