ఆరని కళ్లు

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే చెప్పులు వేసుకుని లేచి వెళ్లిపోయే రకాన్ని. అలాంటి నేనే కూర్చుని ఇది రాయాల్సి రావడం, నా ఖర్మ కాకపోతే ఏమిటి?

భీమిలి బీచి రోడ్డులో చాలా ఏళ్లుగా నాకు నీటిరంగుల బొమ్మల గ్యాలరీ ఉంది. సముద్రం, పడవలు, ఆరేసిన వలలు, అవే నా సరుకు. వచ్చినవాళ్లలో సగంమంది "మా అమ్మాయి బొమ్మ వేస్తారా?" అని అడుగుతారు. మనుషుల మొహాలు వేయనంటాను. అంతటితో ఊరుకుంటారా? ఎందుకు వేయరని పీక్కుతింటారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. ఒకసారి రాసి పారేస్తే పీడ వదులుతుంది.

ఎనభైల్లో నేను నరసరావుపేటలో ఉండేవాణ్ణి. బస్టాండు వెనక సందులో చిన్న కొట్టు. పోయినవాళ్ల బొమ్మలు వేయడం నా పని. అప్పట్లో పల్లెల్లో చాలామంది ఒక్క మంచి ఫొటో అయినా లేకుండానే పోయేవాళ్లు. పెద్దకర్మ నాటికి గోడకు పటం కావాలి కదా! పోయినాయన తమ్ముణ్ణి తెచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టి, "ముక్కు ఇట్టాగే ఉంటది, చెవులు మాత్రం చానా పెద్దయ్" అని చెబుతుంటే నేను గీసేవాణ్ణి. అన్నీ అయ్యాక చివర్న కళ్లు పెట్టేవాణ్ణి. పక్కకొట్టు మస్తాను అద్దం కోసి ఫ్రేము కట్టేవాడు.

ఒక ఎండాకాలం బొల్లాపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కొడుకు వెంకటేశు రాళ్లపనికని దాచేపల్లి వెళ్లాడు. అక్కణ్ణుంచి కృష్ణ దాటుతుంటే పడవ బోల్తాపడిందనీ, అందులో వాడున్నాడనీ ఎవరో కబురు చెప్పారు. శవం దొరకలేదు. ఏడాది ఎదురుచూసి, ఇక కర్మ చేసేద్దామని పెద్దలు తీర్మానించారు. కర్మ అంటే ఆ పిల్లకు బొట్టు తుడిచి, గాజులు పగలగొట్టడం కూడా. ఆమె పేరు సుబ్బులు. పెళ్లిఫొటో నా బల్ల మీద పెట్టి, వెళ్లి బయట మెట్టు మీద కూర్చుంది. చేతుల నిండా ఎర్ర మట్టిగాజులు.

ఫొటోలో మొహం గోరంత. అయినా బొమ్మ బాగానే వచ్చింది. జుట్టు, మీసం, చొక్కా అన్నీ కుదిరాయి. కళ్లు పెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చి చూద్దును కదా, రెండు కళ్లూ కరిగి చెంపల మీదికి కారి ఉన్నాయి.

మండుటెండల్లో పల్నాడులో నీటిరంగు ఎంతసేపట్లో ఆరుతుంది? కుంచె ఎత్తేలోపు ఆరిపోతుంది. పైకప్పు కారిందనుకుందామంటే చుక్క వాన లేదు. మస్తాను వేళాకోళం చేశాడనుకుని వాడి మీద ఎగిరాను. వాడు పిల్లల మీద ఒట్టేశాడు.

మళ్లీ కళ్లు పెట్టాను. మళ్లీ కారాయి. కాగితం మార్చి బొమ్మంతా కొత్తగా వేశాను. రంగులు మార్చాను. మా బోరునీళ్లలో ఏదో దోషం ఉందని మస్తాను ఇంటి నుంచి నీళ్లు తెప్పించాను. ఎక్కడి గొంగళి అక్కడే! అదే బల్ల మీద, అవే రంగులతో నాదెండ్లలో పోయిన టీచరుగారొకరి బొమ్మ వేస్తే, ఆయన కళ్లు శుభ్రంగా ఆరాయి. ఈ వెంకటేశుకేం రోగం?

ఒకరోజు అన్నం మానేసి దాని ముందే కూర్చున్నాను. ముందు నలుపు ఆరింది. వేలు పెట్టి చూశాను, పొడిగానే ఉంది. అమ్మయ్య అనుకున్నాను. అంతలో నేను చూస్తుండగానే ఆ నలుపు తడెక్కింది. అంచుల నుంచి మెల్లగా కిందికి దిగింది. నాకు భయం వేయలేదు, ఒళ్లు మండిపోయింది. ఆరితే నీళ్లు పోసినా పోని ఇంకు సీసా తెచ్చి, దాంతో పెట్టాను. అదీ కారింది. తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి.

"నువ్వు ఆయన్ని ఏడిపిస్తన్నావో, ఆయన నిన్ను ఏడిపిస్తన్నాడో నాకు తెలవట్లా అన్నా," అన్నాడు మస్తాను, గుమ్మంలో నిలబడి.

కర్మ ముందురోజు మామా కోడలూ వచ్చారు. చేసేదేముంది, ఉన్నది ఉన్నట్టు చూపించాను. పెద్దాయన నామీద విరుచుకుపడ్డాడు. నేనూ తగ్గలేదు. మా అరుపులకు సందులో జనం పోగయ్యారు. సుబ్బులు మాత్రం బొమ్మ దగ్గరికి వెళ్లి అలా చూస్తూ నిలబడింది.

"ఇట్టా ఏడుస్తా ఉంటే నా గాజులు ఎట్టా తీస్తారు మామా?" అంది.

"ఏందమ్మే నీ మొండితనం! బొమ్మ రాకపోతే మనిషి బతికున్నట్టా?"

"కళ్లు ఆరినాక పిలవండి. నా చేతులు నేనే చాపుతా."

గుమ్మం ముందు చేరినవాళ్లలో ముసలమ్మలు ఆమె పక్షాన చేరారు. పటమే వద్దంటుంటే కర్మ ఎట్టా చేస్తారని నిలదీశారు. పెద్దాయన తల పట్టుకుని మెట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పటిదాకా అరిచిన నేనే లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. కర్మ ఆగిపోయింది. ఆ బొమ్మను అటక మీద పడేసి, దాని మొహం మళ్లీ చూడకూడదనుకున్నాను.

వానాకాలం వెళ్లాక ఒక ఉదయం సుబ్బులు మళ్లీ వచ్చింది. ఆమె భుజం మీద చెయ్యివేసి ఒక మనిషి నడుస్తున్నాడు. మీసం చూడగానే గుర్తుపట్టాను.

వెంకటేశు ఆ పడవ ఎక్కనేలేదు, అంతకుముందు పడవలోనే దాటాడు. అవతలి ఒడ్డున ఒక క్వారీలో రాళ్లు పేల్చే మందు మొహాన పేలింది. ప్రాణం దక్కింది కానీ రెండు కళ్లూ పోయాయి. గుడ్డివాడినై ఇంటికెళ్లి ఎవరికి బరువు కావాలని కబురు పెట్టకుండా ఉండిపోయాడట. చివరికి ఊరివాడొకడు గుర్తుపట్టి లాక్కొచ్చాడు.

నేను కళ్లు పెట్టడానికి తంటాలుపడుతున్న నాటికే అతనికి కళ్లు లేవు. ఆ సంగతి బొల్లాపల్లిలో ఒక్కరికీ తెలియదు. నాకసలే తెలియదు. మరి ఆ కాగితానికి ఎవరు చెప్పారు? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, విసుగు తప్ప జవాబు రాలేదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, దణ్ణం పెడతాను.

ఆ రోజు సుబ్బులు బొమ్మ ఇచ్చెయ్యమంది. అటక మీద నుంచి దించి దుమ్ము దులిపాను. వెంకటేశు దాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమాడు. జుట్టు, నుదురు, ఆ తర్వాత కళ్లుండాల్సిన చోటు. అక్కడ ఉన్నవి రెండు నల్లటి మరకలు.

"కళ్లు బాగా వచ్చినయ్యా?" అని అడిగాడు.

నేను సుబ్బులు వైపు చూశాను.

"వచ్చినయ్ బావా. అచ్చం నీ కళ్లే," అంది సుబ్బులు. అతని వేలికి అంటిన తడి నలుపును పైటకొంగుతో తుడిచింది.