పదకొండు యాడ్నుంచి వచ్చె?

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా రాతిపని కొట్టానికి లెక్కలు చూసేది నేనే. ఎనిమిదో తరగతి చదువుతున్నానన్న పొగరు అంతా ఇంతా కాదు. రాయి పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణిస్తే పెద్ద సంఖ్య వచ్చేది. అందులో వెయ్యికి నలభై నాలుగు కిలోల చొప్పున బరువు తేల్చేవాళ్లం. దాన్నిబట్టే నాయన రాయికి గొలుసు పుల్లీ తగిలించేవాడు. మా పుల్లీ మోసేది మూడు టన్నులే.

ఆ రోజు కొలతలు తొంభై ఏడు, నలభై మూడు, ఇరవై తొమ్మిది. అందరికీ వినబడేలా చదివి, గుణించి 45,881 అన్నాను. అంటే రెండు టన్నుల చిల్లర. చిన్నాయన గొలుసు లాగడం మొదలుపెట్టాడు. రాయి లేవగానే దాని కింద దుంగలు పెట్టడానికి నాయన వంగి కూర్చున్నాడు.

మా జేజినాయన, అంటే నాయన వాళ్ల నాయన, పక్కనే ఉన్నాడు. ఆయన కళ్లకు అప్పటికే పొరలు కమ్మాయి. రాయిని చేత్తో తడిమి, "రెండు టన్నులేనా పాపా? మల్లొకసారి చూడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "తొమ్మిదితో సరిచూసినా జేజినాయనా. అంకెలు కూడితే కొలతల పక్కా, జవాబు పక్కా ఎనిమిదే వచ్చింది."

"తొమ్మిదికి దొరకని తప్పులుంటాయి. మేము పదకొండుతో గూడా చూస్తాంటిమి. భాగించు."

గొలుసు కిర్రుమంటోంది. విసుక్కుంటూ బొగ్గుతో బండ మీద భాగించాను. శేషం సున్నా. సరిగ్గా పోయిందని గొప్పగా చెప్పాను.

జేజినాయన ముఖం మారిపోయింది. "నువ్వు గుణించిన మూడూ చీలని అంకెలు. ఒకటీ, తామూ తప్ప వాటిని ఏదీ భాగించదు. మరి ఈడికి పదకొండు యాడ్నుంచి వచ్చె?"

మూడింటిలో దేన్లోనూ లేని పదకొండు వాటి గుణకారంలోకి ఎలా దూరుతుంది? గుణకారం వరుసలు మళ్లీ చూశాను. ఇరవైతో గుణించిన చోట చివరి సున్నా మరిచిపోయాను. ఇరవై తొమ్మిదిలో ఇరవై కాస్తా రెండై, తొమ్మిదితో కలిసి పదకొండైంది. సున్నా పోయినా అంకెల కూడిక మారదు, అందుకే తొమ్మిది పసిగట్టలేదు. అసలు సంఖ్య 1,20,959. అయిదు టన్నుల పైమాటే.

రాయి అప్పుడే నేలను వదులుతోంది. నాయన చెయ్యి దాని కిందికి పోతోంది.

"నాయనా, చెయ్యి తియ్! నా లెక్క తప్పు" అని అరిచాను.

నాయన వెనక్కి జరిగాడు. చిన్నాయన మెల్లగా దించాడు. చూస్తే పుల్లీ కొక్కెం వేలెడు తెరుచుకుని ఉంది. భయంతో ఏడ్చేశాను. నాయన ఒక్క మాట కూడా తిట్టలేదు. "తప్పని చెప్పినావ్ గదా, చాల్లే" అని పెద్ద పుల్లీ కోసం నంద్యాల బస్సెక్కాడు. జేజినాయన మాత్రం సాయంత్రం దాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వంద లోపు చీలని అంకెలన్నీ చెప్పించాడు.

ఇప్పటికీ ఏ లెక్కయినా ఒక్క పరీక్షలో నెగ్గితే నాకు నమ్మకం కుదరదు. ఇంకోలా చూస్తాను, తప్పయితే పదిమందిలోనైనా చెప్పేస్తాను. మా నాయన ముసలితనం దాకా ఉలి పట్టాడు, పది వేళ్లతో.