మట్టికట్ట మీద ఏసుకుమారి

పాలకొల్లు పక్క పల్లెలో పుట్టిన ఏసుకుమారి జర్మనీలోని జీగెన్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి, అక్కడికి దగ్గర్లోనే కొండల మధ్య ఉన్న చిన్న ఊళ్ళో మునిసిపాలిటీ ఉద్యోగంలో చేరింది. రోడ్లు, కాలవలతో పాటు ఊరి పైనున్న చెరువు కట్ట కూడా ఆమె బాధ్యతే. ఎప్పుడో ఒక ఇనుప కార్ఖానా కోసం పోసిన మట్టికట్ట అది. కార్ఖానా పోయాక ఊరికి వరదను ఆపే అడ్డుగా, చేపలు పట్టుకునే చోటుగా మిగిలింది. కరోనా మొదటి వేసవిలో ఈతకొలనులు మూసేయడంతో జనమంతా అక్కడికే వచ్చి పడ్డారు.

ఆ జూన్‌లో కట్ట వెనకవైపు అడుగున ఊట కనిపించింది ఆమెకి. మట్టికట్టకు ఊట వింతేం కాదు. తేటగా వస్తే భయం లేదు. ఇది బురదగా వస్తోంది. అంటే నీళ్ళు లోపలి మట్టిని కొరుక్కుంటూ పోతున్నాయి. చెరువును సగానికి దించాలనీ, కట్ట మీద మొలిచిన చెట్లు కొట్టేయాలనీ పై అధికారులకు చెప్పింది. నీళ్ళు దించడానికి ఒప్పుకున్నారు. చెట్ల జోలికెళ్తే ఊళ్ళో గొడవని ఆ పని వాయిదా వేశారు.

తూము ఎత్తడానికి వెళ్ళిన రోజు జనం గుమిగూడారు. చేపల సంఘం పెద్ద డీట్‌మార్ మాస్కు లేకుండా ఆమె ముఖంలో ముఖం పెట్టి జర్మన్‌లో అన్నాడు.

"మీ ఆసియావాళ్ళు రోగం పట్టుకొచ్చారు. ఇప్పుడు మా చెరువు కూడా ఎండగడతారా?"

ఆమె తూము పిడి తిప్పసాగింది. అతను పిడి ఊడలాగాడు. ఆమె వదల్లేదు. గుంజుకున్న ఆ ఇనుప పిడితోనే ఆమె ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. రాళ్ళ మీద పడ్డాక డొక్కలో తన్నాడు. ఒక ముసలామె మాత్రం అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. మిగతావాళ్ళు చూస్తూ నిలబడ్డారు, కొందరు ఫోన్లలో వీడియో తీశారు.

మర్నాడు పోలీసుల కాపలాలో తూము ఎత్తారు. ఆమె విరిగిన చేతికి ఆపరేషన్ చేసి స్టీలు ప్లేటు వేశారు. ఆమె డీట్‌మార్ మీద కేసు పెట్టింది. చలికాలంలో ఎవరో రాయి విసిరి ఆమె ఇంటి కిటికీ అద్దం పగలగొట్టారు. భర్త ఎలియాస్ బెర్లిన్ వెళ్ళిపోదామన్నాడు. ఆమె కదల్లేదు. ఊట దగ్గర కంకర పరిపించి, చెరువును సగంలోనే ఉంచింది.

మరుసటేడు జూలైలో వాన విరుచుకుపడింది. చోటుండబట్టి చెరువు వరద మొదటి దెబ్బను మింగింది. మధ్యాహ్నానికి నీళ్ళు అలుగు దాకా వచ్చాయి. అప్పుడే కట్ట మీది పెద్ద చెట్టొకటి గాలికి ఒరిగి వేళ్ళతో సహా పెకలిపోయింది. లారీ పట్టేంత గుంత పడింది. నీళ్ళు అందులోకి ఎగబడి మట్టిని చీలుస్తున్నాయి. గండి పడితే కింది వీధులు మిగలవు. ఆమె ఆ వీధులు ఖాళీ చేయించమని ఫైర్ సిబ్బందికి చెప్పి, గుంతలోకి రాళ్ళు, ఇసుక బస్తాలు దింపించింది. ఒక ఫైర్‌మన్‌ను నీళ్ళు ఈడ్చుకెళ్ళి కంచెకేసి కొట్టాయి. పక్కటెముకలు విరిగి నెత్తురు కక్కుతున్న అతన్ని తాళ్ళతో బయటికి లాగారు.

బస్తాలు అందించే వరుసలో డీట్‌మార్ కూడా ఉన్నాడు. ఆమె అతన్ని గుర్తుపట్టి, ఇంకా కిందికి, ఎడమవైపు వెయ్యమని మాత్రం చెప్పింది. అతను వేశాడు. పొద్దు వాలేసరికి కోత ఆగింది. కట్ట నిలిచింది.

డీట్‌మార్ ఆమెను కొట్టిన కేసు కరోనాతో వాయిదాలు పడుతూ వచ్చి, ఆ శరదృతువులో దానికి కోర్టు టెర్మిన్, అంటే విచారణ తేదీ, దొరికింది. ముందురోజు ఎలియాస్ నెమ్మదిగా అడిగాడు.

"బస్తాలు మోశాడు కదా కుమారీ. కంప్లైంట్ వదిలేద్దామా?"

"బస్తాలు వాళ్ళ ఊరి కోసం మోశాడండీ. విరిగింది నా చెయ్యి."

కోర్టులో ఆమె అతను కొట్టిన సంగతీ చెప్పింది, అడిగినప్పుడు మోసిన సంగతీ చెప్పింది. అతనికి జైలు శిక్ష పడింది గానీ, మళ్ళీ నేరం చేస్తేనే లోపలికి వెళ్ళాలన్నారు. అతను ఆమెవైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

అన్నాళ్ళూ ఎవరి ముందూ కంటతడి పెట్టని ఏసుకుమారి కోర్టు మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎలియాస్ పక్కన కూర్చున్నాడు. తేరుకున్నాక ఇద్దరూ రైల్వే స్టేషన్‌కు నడిచారు. మరుసటి సోమవారం ఆమె డ్యూటీకి వెళ్ళింది.